పాత ఫైలు తేలేదాకా కొత్త ముద్ర పడదు: ఒక స్కూలు ప్లాన్ల డైరీ

2024 జూన్ 11

ఇవాళ కొత్త నోట్‌బుక్ తీశాను. కాలిఫోర్నియాలో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ ఫెసిలిటీస్ ఆఫీసులో పనిచేస్తున్నాను. తాజాగా నా బల్ల మీద పడ్డ పని ఇది: 1957లో కట్టిన ఎలిమెంటరీ స్కూల్లో ఎనిమిది గదుల వింగ్‌ని ఆధునికీకరించాలి, ఆటస్థలం అంచున రెండు కిండర్‌గార్టెన్ గదులతో కొత్త బిల్డింగ్ వేయాలి. కట్టేవాళ్లు తర్వాత వస్తారు. అంతకుముందు ప్లాన్లకు రాష్ట్రం ఆమోదం కావాలి. అది తెచ్చే పని నాది.

ఇక్కడ సొంత ఇల్లు కట్టుకుంటే సిటీ వాళ్ల పర్మిట్ సరిపోతుంది. ప్రభుత్వ బడికి సరిపోదు. 1933 మార్చి 10 సాయంత్రం 5 గంటల 54 నిమిషాలకు లాంగ్ బీచ్‌లో 6.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. 70 బడులు కూలిపోయాయి, ఇంకో 120 బాగా దెబ్బతిన్నాయి. అప్పటికి క్లాసులు అయిపోయాయి కాబట్టి సరిపోయింది. అదే నాలుగైదు గంటల ముందు వచ్చి ఉంటే? ఆ ఆలోచనకే జనం హడలిపోయారు. సరిగ్గా నెల తిరిగేసరికి, ఏప్రిల్ 10న, ఫీల్డ్ యాక్ట్ వచ్చింది. అప్పటి నుంచి ప్రభుత్వ బడి కట్టాలన్నా మార్చాలన్నా డ్రాయింగులు రాష్ట్రం చూడాల్సిందే, కట్టేటప్పుడు ఇన్‌స్పెక్టర్ దగ్గరుండి చూడాల్సిందే. ఈ పని చేసే ఆఫీసు డివిజన్ ఆఫ్ ది స్టేట్ ఆర్కిటెక్ట్, అందరూ డీఎస్‌ఏ అంటారు. వాళ్ల రాతపూర్వక ఆమోదం లేకుండా కాంట్రాక్టు మీద సంతకం పెడితే ఆ కాంట్రాక్టే చెల్లదు.

డీఎస్‌ఏతో అయిపోతే బాగుండేది. మాకు రాష్ట్రం డబ్బు కూడా కావాలి. అందుకని రాష్ట్ర విద్యాశాఖ, అంటే సీడీఈ, గదులు చదువు చెప్పడానికి పనికొస్తాయని ఒప్పుకోవాలి. ఆ రెండు కాగితాలూ పట్టుకుని నిధుల కోసం ఓపీఎస్‌సీ అనే మూడో ఆఫీసుకు వెళ్లాలి. మా డైరెక్టర్ ఫైలు ఇస్తూ "ఏడాది పడుతుందనుకో" అన్నారు. నేను ఎనిమిది నెలలని క్యాలెండర్‌లో రాసుకున్నాను. చూద్దాం.

జూన్ 26

అర్హత లెక్కలు అయిపోయాయి. రాష్ట్రం నుంచి ఆధునికీకరణ డబ్బు రావాలంటే పక్కా బిల్డింగ్‌కి 25 ఏళ్లు, తరలించే పోర్టబుల్ గదికి 20 ఏళ్లు నిండాలి. మా వింగ్‌కి 67 ఏళ్లు. ఈ ఒక్క విషయంలో ముసలితనం కలిసొచ్చింది.

జూలై 9

ఆర్కిటెక్ట్‌తో, స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో మొదటి మీటింగ్. ఆర్కిటెక్ట్ ఆవిడ తెచ్చిన స్కెచ్ బ్రహ్మాండంగా ఉంది. రెండు గదుల మధ్య గోడ తీసేసి పెద్ద హాలు, పైన స్కైలైట్లు. ఇంజినీర్ స్కెచ్ వైపు కాసేపు చూసి, ఏమీ మాట్లాడకుండా క్యాలిక్యులేటర్ తీశారు. పని ఖర్చు ఆ బిల్డింగ్‌ని మళ్లీ కట్టడానికయ్యే ఖర్చులో 50 శాతం దాటితే బిల్డింగ్ మొత్తాన్నీ భూకంపానికి తట్టుకునేలా బలపరచాలని రూలు. ఆయన లెక్క 52 దగ్గర ఆగింది. గోడ ఉంటుంది, స్కైలైట్లు పోతాయి. ఆవిడ మొహం చూస్తే పాపం అనిపించింది. కానీ మా దగ్గరున్నది క్లాస్‌రూములు బాగుచేసే డబ్బే, పునాదుల దాకా వెళ్లే డబ్బు కాదు.

కొత్త ఏసీ యూనిట్లు మాత్రం తప్పవు. ఇప్పుడు పైకప్పు మీదున్నవి వేసవిలో చల్లబరచవు, చలికాలంలో మోత ఆపవు. వాటి స్థానంలో హీట్ పంపులు పెడతాం, పాత యూనిట్లు కూర్చున్న కర్బుల మీదే. కర్బ్ అంటే పైకప్పుకి బిగించిన చట్రం. అవే వాడుకుంటే ఖర్చు తగ్గుతుందని మేమంతా తలూపాం.

జూలై 18

ఇవాళ గుండెల్లో రాయి పడింది.

డీఎస్‌ఏ ట్రాకింగ్ సైట్‌లో ఏ బడి పేరు కొట్టినా, అక్కడ ఇన్నేళ్లలో జరిగిన ప్రతి ప్రాజెక్టూ అప్లికేషన్ నంబరుతో వస్తుంది. మా బడికి పదకొండు వచ్చాయి. పదింటికి ఎదురుగా సర్టిఫై అయినట్టుంది. ఒక్కదానికి, 1996లో పైకప్పు మీద ఏసీ యూనిట్లు పెట్టిన పనికి, "సర్టిఫికేషన్ లేకుండా మూసివేత" అని ఉంది.

అంటే పని జరిగింది, యూనిట్లు తిరిగాయి, డబ్బులు చెల్లించారు, కానీ చివర్లో ఇవ్వాల్సిన వెరిఫైడ్ రిపోర్టులు అన్నీ చేరలేదు. "నాకు స్వయంగా తెలిసినంతవరకు ఈ పని ఆమోదించిన డ్రాయింగుల ప్రకారమే జరిగింది" అని ఆర్కిటెక్ట్, ఇంజినీర్, ఇన్‌స్పెక్టర్, కాంట్రాక్టర్ ఎవరికి వారు సంతకం పెట్టే కాగితాలవి. అవి లేకపోతే రాష్ట్రం దృష్టిలో ఆ పని ఇంకా పూర్తి కాలేదు. పూర్తి కాని పని మీద కొత్త పని పెడతామంటే ఒప్పుకోరు. మేం వాడుకుందామనుకున్న కర్బులు సరిగ్గా ఆ 1996 నాటివే.

28 ఏళ్ల పాటు ఎవరికీ ఈ కాగితం అక్కర్లేకపోయింది. నా వంతు వచ్చేసరికే కావాల్సి వచ్చింది.

ఆగస్టు 6

డిస్ట్రిక్ట్ గోడౌన్‌లో రెండు రోజులు. అట్టపెట్టెల మీద రాసిన సంవత్సరానికీ లోపలి కాగితాలకూ సంబంధం లేదు. "1996 పైకప్పు" అని మార్కర్‌తో రాసిన పెట్టెలో క్రిస్మస్ లైట్లున్నాయి. అసలు ఫైలు "లైబ్రరీ పుస్తకాలు, పారేయాలి" అన్న పెట్టెలో అడుగున దొరికింది. ఆమోదించిన డ్రాయింగులు ఉన్నాయి, నీలం ముద్రతో సహా. ఆర్కిటెక్ట్ రిపోర్ట్ ఉంది, ఇంజినీర్ రిపోర్ట్ ఉంది. ఇన్‌స్పెక్టర్ పదిహేను రోజులకోసారి రాసే రిపోర్టులు చివరి రెండు తప్ప అన్నీ ఉన్నాయి. లేనివి ఇన్‌స్పెక్టర్ ఫైనల్ రిపోర్ట్, కాంట్రాక్టర్ ఫైనల్ రిపోర్ట్.

కాంట్రాక్టర్ కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఫోన్ నంబరు ఇప్పుడు ఎవరిదో.

ఆగస్టు 22

ఇన్‌స్పెక్టర్ దొరికారు. ఎనభై దాటిన పెద్దాయన, రిటైరై చాలా కాలమైంది. ఫోన్‌లో బడి పేరు చెప్పగానే "పైకప్పు పనేగా, ఉత్తరం వైపు నీళ్లు కారేవి" అన్నారు. నాకు కుర్చీలోంచి లేచి నిలబడాలనిపించింది. ఇన్నేళ్ల తర్వాత నీళ్లు ఏ వైపు కారేవో గుర్తున్న మనిషికి ఫారం నింపడం ఎంత పని అనుకున్నాను. ఆయన మాత్రం తొందరపడలేదు. "నా నోట్‌బుక్ వెతుక్కుంటాను. అందులో ఉన్నంతవరకే సంతకం పెడతాను, లేనిదానికి పెట్టను. మీరేమీ అనుకోవద్దు" అన్నారు. ఏమనుకుంటాను, సంతకమంటే అలాగే ఉండాలి కదా.

ఆగస్టు 29

ఇవాళ ఆయన దగ్గర్నుంచి కవరు వచ్చింది. నోట్‌బుక్ పేజీల కాపీలు, డీఎస్‌ఏ 6-పీఐ ఫారం మీద సంతకం. కింద ఒక మాట కలిపారు: ఎనిమిది కర్బుల్లో నాలుగింటి బోల్టులు బిగిస్తుండగా తాను చూశానని, మిగతా నాలుగూ బిగించే రోజు తాను సైట్‌లో లేనని.

సెప్టెంబర్ 19

ఈ వారం భూమి గొడవ. కొత్త కిండర్‌గార్టెన్ బిల్డింగ్ ఒకే అంతస్తు, చెక్క ఫ్రేము, దాదాపు 3,100 చదరపు అడుగులు. 4,000 లోపున్న ఇలాంటి బిల్డింగ్‌కి మామూలుగా భూగర్భ ప్రమాదాల రిపోర్ట్ అక్కర్లేదు. అక్కర్లేదనే నేను షెడ్యూల్‌లో పెట్టలేదు. అయితే ఆ మినహాయింపు ప్రమాద జోన్‌లో లేని స్థలానికే. రాష్ట్రం మ్యాప్‌లో ఆటస్థలం మూల ఆకుపచ్చ రంగులో ఉంది. ఆకుపచ్చ అంటే చల్లటి రంగనుకునేరు. భూకంపం వచ్చినప్పుడు నీళ్లు పట్టిన ఇసుక నేల బలం పోయి బురదలా అయిపోయే ప్రాంతమని అర్థం. 1989లో లోమా ప్రియేటా భూకంపం తర్వాత, 1990లో వచ్చిన చట్టం ప్రకారం ఈ మ్యాపులు గీస్తున్నారు.

కాబట్టి బోర్లు వేయాలి, రిపోర్ట్ రాయించాలి, దాన్ని కాలిఫోర్నియా జియలాజికల్ సర్వే చూసి ఒప్పుకోవాలి. ఎనిమిది నెలల క్యాలెండర్‌ని ఇవాళ చెత్తబుట్టలో వేశాను.

అక్టోబర్ 5, శనివారం

పిల్లలు లేని రోజు చూసుకుని బోరు మెషీన్ తెప్పించాం. పద్దెనిమిది అడుగుల దగ్గర గొట్టంలోంచి తీసిన ఇసుకని జియాలజిస్ట్ నా అరచేతిలో పెట్టారు. బూడిద రంగు, తడి, గుప్పిట మూస్తే ముద్దయింది. ఆయన నా చేతి మీద పక్కనుంచి పది పన్నెండు సార్లు గట్టిగా తట్టారు. ముద్ద మెల్లగా పలచబడి, పైకి నీళ్లు తేలి, మెరిసింది. "ఇదే" అన్నారు. అప్పటిదాకా ఆ రిపోర్ట్ నాకు ఖర్చూ ఆలస్యమే.

నవంబర్ 6

నిన్నటి ఎన్నికల్లో ప్రాపొజిషన్ 2, అంటే రాష్ట్రం బాండ్లతో అప్పు తెచ్చుకోవడానికి ఓటర్లను అడిగిన ప్రతిపాదన, గెలిచింది. మొత్తం 1,000 కోట్ల డాలర్ల బాండు, అందులో 850 కోట్లు స్కూళ్లకు, ఆధునికీకరణ వాటా 400 కోట్లు. 2020 మార్చిలో ఇలాంటిదే 1,500 కోట్ల బాండు ఓడిపోయినప్పుడు ఆఫీసులో ఎవరూ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు పాత బాండ్ల డబ్బు అయిపోయి, కొత్త దరఖాస్తులు "బాండు పరిమితి దాటిన" వెయిటింగ్ లిస్టులోకి వెళ్తూ వచ్చాయి.

సంతోషం అరపూటే. మధ్యాహ్నం డైరెక్టర్ కొత్త షరతులు చదివి వినిపించారు. నిధులడిగే డిస్ట్రిక్ట్ ఐదేళ్ల ఫెసిలిటీస్ మాస్టర్ ప్లాన్ కూడా ఇవ్వాలట. మాది ఉంది కానీ పాతబడింది. దాన్ని తాజా చేసే పని ఎవరిదో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. మంచి మాట కూడా ఉంది: ఆధునికీకరణలో రాష్ట్రం వాటా ఇప్పటిదాకా 60 శాతం, ఇకపై బీద డిస్ట్రిక్టులకు 65 దాకా వెళ్తుంది.

నవంబర్ 20

1996 ఫైలుని తిరిగి తెరవడానికి దరఖాస్తు పెట్టాం. ఇన్‌స్పెక్టర్ చూడని నాలుగు కర్బుల సంగతి ఏం చేయాలన్నదే ప్రశ్న. మా స్ట్రక్చరల్ ఇంజినీర్ సూటిగా చెప్పారు: "కాగితం లేకపోతే ఇనుమునే అడుగుదాం."

డిసెంబర్ 30

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో రూఫింగ్ వాళ్లు ఆ నాలుగింటి దగ్గర పైకప్పు పొర కోసి తెరిచారు. నేనూ నిచ్చెన ఎక్కాను. తారు వాసన, కింద నల్లబడ్డ ప్లైవుడ్, దాంట్లోంచి బోల్టు తలలు. ఇంజినీర్ మోకాళ్ల మీద కూర్చుని కాలిపర్‌తో ఒక్కోటీ కొలిచారు, మధ్య దూరం టేపు పెట్టి చూశారు, డ్రాయింగ్‌తో పోల్చి నంబర్లు చదువుతుంటే నేను రాసుకున్నాను. మూడు కర్బులు డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఉన్నాయి. నాలుగోదానికి ఆరు బోల్టులు ఉండాల్సిన చోట నాలుగే ఉన్నాయి.

ఉత్తరం వైపుది. నీళ్లు కారే వైపు.

దాని మీద అంత బరువు యూనిట్ ఇన్నేళ్లుగా కూర్చుని ఉంది, కింద మూడో తరగతి పిల్లలు లెక్కలు చేసుకుంటూ ఉన్నారు. ఆ కర్బ్‌కి రెండు బోల్టులు కొత్తగా వేసేలా సవరణ డ్రాయింగ్ ఇచ్చి, క్రిస్మస్ సెలవుల్లో ఇన్‌స్పెక్టర్‌ని పక్కన పెట్టుకుని వేయించాం. పాత కాగితం కోసం ఇంత రాద్ధాంతమా అని జూలైలో ఇంట్లో గొణిగింది నేనే.

2025 జనవరి 14

కిండర్‌గార్టెన్ గది వైశాల్యం రూలు ప్రకారం 1,350 చదరపు అడుగులకు తగ్గకూడదు, బాత్రూమ్, స్టోరేజి కలుపుకుని. మామూలు క్లాస్‌రూమ్ అయితే 960. మా డ్రాయింగ్‌లో 1,352 అని రాసుంది, అందరం చూసి వదిలేశాం. ఇవాళ సీడీఈకి పంపే ముందు ఎందుకో అనుమానమొచ్చి స్కేల్ పెట్టాను. అది గోడల మధ్యగీతల నుంచి తీసిన లెక్క. గోడల లోపలి అంచుల నుంచి కొలిస్తే 1,297. ఆర్కిటెక్ట్‌కి ఫోన్ చేస్తే అవతల కాసేపు నిశ్శబ్దం, తర్వాత "ఒక అడుగున్నర పొడిగిస్తాను" అన్నారు. ఇలాంటివి పంపకముందే దొరకడం అదృష్టం.

జనవరి 31

డీఎస్‌ఏకి ప్లాన్లు వెళ్లాయి. కట్టలు కట్టి కారు డిక్కీలో తీసుకెళ్లే రోజులు పోయాయి, అంతా ఎలక్ట్రానిక్ రివ్యూనే. అప్లోడ్ బార్ 99 శాతం దగ్గర ఆగినప్పుడు వచ్చే టెన్షన్ మాత్రం ఏ డిక్కీలోనూ లేదు.

ఫిబ్రవరి 25

ఫైర్ వాళ్ల సంతకం కోసం సైట్ విజిట్. ఫైరింజన్ వెళ్లే దారి 20 అడుగుల వెడల్పు, 13 అడుగుల 6 అంగుళాల ఎత్తు దాకా ఏ అడ్డూ లేకుండా ఉండాలి. వెడల్పు ఉంది. ఎత్తు దగ్గర ఓక్ చెట్టు కొమ్మ ఒకటి అడ్డం. ప్లాన్‌లో చెట్టు ఒక గుండ్రటి గుర్తు, కొమ్మ ఎంత కిందికి వంగిందో అందులో కనపడదు. ఫైర్ ఆఫీసర్ పొడవాటి కర్ర నిలబెట్టి చూపించారు: 12 అడుగుల 3 అంగుళాలు. ఆ కొమ్మ నీడలోనే పిల్లల రీడింగ్ బెంచీ ఉంది. కొమ్మ ఒక్కటి కొట్టించి సంతకం తీసుకున్నాం. బెంచీని అవతలి వైపు జరపమని కస్టోడియన్‌కి చెప్పాను.

ఏప్రిల్ 16

కామెంట్లు వచ్చాయి. స్ట్రక్చరల్ భద్రతకు 41, ఫైర్‌కి 19, యాక్సెస్‌కి 63. వికలాంగుల సౌకర్యాల మీదే సగానికి పైగా. కొత్తవాళ్లు కంగారుపడతారు కానీ ఇది మామూలే. వింగ్‌ని మార్చేటప్పుడు వీధి నుంచి ఆ వింగ్ దాకా నడిచే దారి, అక్కడి బాత్రూములు, మంచినీళ్ల కుళాయిలు, పార్కింగ్, అన్నీ సరిగా ఉన్నాయని చూపించాలి. ఖర్చు తక్కువైన ప్రాజెక్టుకు ఈ పనుల మీద 20 శాతం పరిమితి ఉంటుంది. మాది ఆ మెట్టు దాటింది.

చాలా కామెంట్లు ఆర్కిటెక్ట్ ఆఫీసులో కూర్చుని దిద్దుకునేవే. బయటికి వెళ్లి కొలవాల్సింది ఒకటుంది: వికలాంగుల పార్కింగ్ స్థలం వాలు. ఏ దిక్కుకైనా 48కి 1 దాటకూడదు, అంటే 2 శాతం చిల్లర. మా సర్వే 1.9 అంది. రివ్యూయర్ "మధ్యలో కొలతలు చూపండి" అని రాశారు. ఆ మాట నాకు కాస్త చాదస్తంగా అనిపించింది.

ఏప్రిల్ 18

సాయంత్రం బడి వదిలాక రెండడుగుల డిజిటల్ లెవెల్, సుద్దముక్క పట్టుకుని వెళ్లాను. లెవెల్ని తారు మీద పెట్టడం, అంకె నిలబడేదాకా ఆగడం, ఆ అంకెని అక్కడే సుద్దతో రాయడం, రెండడుగులు జరగడం. మూలల్లో 1.7, 1.9, 1.8. మధ్యకి వచ్చేసరికి 2.6. ఇంకో పక్కకి తిప్పితే 3.1. సర్వే నాలుగు మూలల ఎత్తులు తీసి గీత కలిపింది, నడుమ కుంగిన చోటు దాని కంట పడలేదు. లేచి చూస్తే అక్కడ ఎండిపోయిన నీటి మడుగు మరక స్పష్టంగా ఉంది. వర్షం పడ్డ ప్రతిసారీ కనిపించేదే, చూసే కన్ను మాకు లేదు.

రివ్యూయర్ చాదస్తం గురించి పైన రాసింది కొట్టేయడం లేదు. ఉండనీ.

మే 21

సీడీఈ నుంచి ఆమోదం లెటర్. కిండర్‌గార్టెన్ నుంచి చిన్నపిల్లల ఆటస్థలం టీచర్ కంటికి కనపడాలన్నారు, ఒక కిటికీ జరిపాం, అంతే. జియలాజికల్ సర్వే లెటర్ కూడా అదే వారం వచ్చింది. నేల గట్టిపరచడానికి రాళ్ల స్తంభాలు వేయాలి, ఖర్చు పెరిగింది. అరచేతిలో ఇసుక మెరవడం చూశాక దాని మీద నేనేమీ వాదించలేదు.

జూన్ 9

1996 ప్రాజెక్టు సర్టిఫై అయింది. ట్రాకింగ్ సైట్‌లో స్టేటస్ మారిన పేజీ ప్రింట్ తీసి పెద్దాయనకు పోస్టులో పంపాను. ఆయనకు ఈమెయిల్ నచ్చదు.

జూలై 2

బ్యాక్‌చెక్. దిద్దిన షీట్లు తెర మీద పెట్టుకుని ముగ్గురు రివ్యూయర్లతో ఒక్కో కామెంటూ మూసుకుంటూ వచ్చాం. మధ్యాహ్నం మూడింటికి స్ట్రక్చరల్ కూడా అయిపోయింది. సాయంత్రం షీట్ల కింది మూలలో ముద్ర పడింది: అప్లికేషన్ నంబరు, తేదీ, ఎస్ఎస్ (స్ట్రక్చరల్), ఎఫ్ఎల్ఎస్ (ఫైర్), ఏసీఎస్ (యాక్సెస్) అనే మూడు అక్షరాల గుంపులు, వాటి పక్కన టిక్కులు. బొటనవేలి గోరంత ఉంటుంది. ఏడాది మీద ఇరవై ఒక్క రోజులు పట్టింది. డైరెక్టర్ గారి అంచనాకు దగ్గరే.

జూలై 15

రాష్ట్ర నిధుల దరఖాస్తు ఫారం, ఎస్‌ఏబీ 50-04, దాఖలు చేశాం. ఇక వరస మాది వచ్చేదాకా డబ్బు కోసం ఎదురుచూపే. ఈలోపు డిస్ట్రిక్ట్ సొంత బాండు డబ్బుతో పని మొదలుపెట్టమని బోర్డు చెప్పింది.

సెప్టెంబర్ 8

టెండర్లు అయ్యాయి, కాంట్రాక్టర్ వచ్చారు, ప్రాజెక్ట్ ఇన్‌స్పెక్టర్‌ని డీఎస్‌ఏ ఒప్పుకుంది. ఇన్‌స్పెక్షన్ కార్డు ప్రింట్ తీసి ట్రైలర్‌లో గోడకు అంటించాం. ఒక్కో దశ అయినప్పుడల్లా ఇన్‌స్పెక్టర్ సంతకం పడితేనే దాని మీద మూత వేసి తర్వాతి దశకు వెళ్లాలి. ఇవాళ్టికి గళ్లన్నీ ఖాళీ.

నేను కాంట్రాక్టర్‌కి చివరి వెరిఫైడ్ రిపోర్ట్ ఫారం ఇచ్చి, ఎప్పుడు ఎవరు సంతకం పెట్టాలో చెప్పాను. ఆయన నవ్వారు. "ఇంకా మట్టే తవ్వలేదు, చివరి కాగితం ఇప్పుడెందుకండీ?"

ఫోన్ తీసి ఉత్తరం వైపు కర్బ్ ఫొటో చూపించాను. ఆయన పెద్దది చేసి చూశారు, బోల్టులు లెక్కపెట్టారు, మళ్లీ లెక్కపెట్టారు.

"ఇది ఏ గది మీద?"

"అదిగో, తలుపు మీద సీతాకోకచిలుకలు అంటించి ఉన్నాయే, అది."

ఫారం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. రేపు ఉదయం ఏడింటికి తవ్వకం.